బుట్ట తేలికైంది

ఆ ఇంట్లో ఎనిమిదిమంది ఉండేవారు. ఎనిమిదిమంది బట్టలూ ఒక్క చేతి మీదుగానే నడిచేవి. ఆ చెయ్యి పెద్దకోడలిది.

కాపురానికి వచ్చిన మూడో రోజున అత్తగారు ఒక వెదురు బుట్ట చూపించి, "అమ్మాయ్, నాకు నడుము వంగట్లేదు, ఇక ఇది నీదే" అన్నారు. ఆ "ఇక" పందొమ్మిదేళ్ళు సాగింది. వెదురు బుట్ట విరిగి ప్లాస్టిక్ బుట్ట వచ్చింది, బండ పోయి మెషిన్ వచ్చింది. చెయ్యి మాత్రం మారలేదు.

వాళ్ళది అద్దె ఇల్లు, మేడ మీద వాటా. మూడు గదులు, ఒక హాలు, వెనక సన్నటి వరండా. వరండాలో మెషిన్ పెట్టాక మిగిలిన చోటు ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడేంత. మెషిన్ ఊపందుకున్నప్పుడు గునగునా నడుచుకుంటూ గోడ మీదికి పోతుంటే ఆమె తుంటితో అడ్డుకుని నిలబడేది. పైన డాబా మీద నాలుగు దండేలు. మరిది పిల్లలు ఇద్దరూ కవలలు. మాటలు వచ్చే రోజుల్లో ఎవరో వాళ్ళకు "పెద్దమ్మకు దండం పెట్టండ్రా" అని నేర్పితే, వాళ్ళు "దండెం పెద్దమ్మ" అని పట్టుకున్నారు. ఎప్పుడు చూసినా ఆమె దండేల మధ్యనే కనబడేది కాబట్టి ఆ పేరు ఇంటిల్లిపాదికీ నచ్చింది. ఆమెకూ నచ్చింది.

ఆ పని చూడ్డానికి సులువు. చేస్తే తెలుస్తుంది. భర్త బస్సు డిపోలో మెకానిక్. ఆయన చొక్కాలు అందరి బట్టల్లో కలిస్తే ఇంట్లో అందరూ మెకానిక్కులే అవుతారని ఆమె నవ్వేది. అందుకే వాటికి వేరే బకెట్టు, గిన్నెలు తోమే సబ్బు, మోచేతి బలం. మరిది రంగుల కొట్లో రంగులు కలుపుతాడు. అతని చొక్కా చేతులకు అంటిన చుక్కల్ని ఆరకముందే పట్టుకోవాలి, ఆరాయా, ఆ చొక్కా ఇక తేరుకోదు. తోడికోడలు చిన్నపిల్లల బడిలో టీచరు. ఆమె బట్టల నిండా సుద్దపొడి, సిరా, ఊళ్ళో పిల్లలందరి ముక్కుచీమిడి. ఇక పెద్దకోడలి సొంత కూతురు కాలేజీ పిల్ల. ఒకసారి ఒంటి మీద వేసుకున్నది మాసినా మాయకపోయినా బుట్టలోకి విసిరేస్తుంది. తల్లి వాసన చూసి, బాగానే ఉంటే మడతపెట్టి మళ్ళీ బీరువాలో పెట్టేసేది. ఉతికిన బట్ట ఎంత హాయిగా ఉంటుందో అని ఆ పిల్ల దాన్నే మెచ్చుకుంటూ వేసుకునేది.

బట్టలు చూసి ఆమె ఇంటి సంగతులన్నీ చెప్పగలిగేది. ఎవరు బయట తిని వచ్చారో, ఎవరికి జ్వరం తగిలిందో, ఎవరు దారిలో జారిపడి ఇంట్లో చెప్పలేదో. దిండు గలీబు మీద మరక చూసి, "ఏమైందే, నిన్న ఏడ్చావా?" అని తోడికోడల్ని అడిగిన రోజులున్నాయి. ఇంట్లో వాళ్ళ గుట్టు తన చేతిలో భద్రంగా ఉందని ఆమెకు లోలోపల గర్వం. అది అవతలివాళ్ళకు ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

తోడికోడలు ఆ ఇంటికి వచ్చి పదేళ్ళు. వచ్చిన కొత్తలో ఒక ఎర్ర తువ్వాలు తెల్లబట్టల్లో వేసి తిప్పేసింది. అత్తగారి దుప్పట్లు, మగవాళ్ళ తెల్లచొక్కాలు అన్నీ గులాబీ రంగులో బయటికొచ్చాయి. కొత్తపెళ్ళికూతురు ఆ తువ్వాలు వెనక దాచుకుని వరండాలో నిలబడింది. అత్తగారు "ఎవరి నిర్వాకం ఇది?" అనగానే పెద్దకోడలు ముందుకొచ్చి, "నాదే అత్తయ్యా, చూసుకోలేదు" అంది. ఆ రోజు నుంచి ఆ ఇద్దరూ తోడికోడళ్ళు కారు, అక్కాచెల్లెళ్ళు. కవలలు పుట్టినప్పుడు నెల రోజులు ముసురు. పిల్లల గుడ్డలు ఒక్కటీ ఆరేది కాదు. పెద్దకోడలు ఇస్త్రీపెట్టెతో ఒక్కొక్కటే ఆరబెట్టి, వేడి తగ్గిందో లేదో తన చెంపకు ఆనించి చూసుకుని అందించేది.

మూడేళ్ళ కిందట ఆమెకు ఒక అవకాశం వచ్చింది. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. పెద్దాస్పత్రికి గలీబులు, పరదాలు ఆవిడే కుట్టి ఇస్తుంది. ఆస్పత్రి లాండ్రీలో ఉతికి వచ్చిన దుప్పట్లను చూసి, చిరిగినవీ మరక వదలనివీ ఏరి పక్కన పెట్టించే మనిషి కావాలన్నారట. ఆవిడ మేడెక్కి వచ్చి మరీ చెప్పింది: "నీ కంటికి చిక్కని మరక ఉంటుందా అమ్మాయ్? వెళ్ళు. కూర్చోబెట్టి పని చేయించుకుంటారు."

ఆ వారమంతా పెద్దకోడలు గాల్లో నడిచింది. భర్త "నీ ఇష్టం" అన్నాడు. వెళ్ళి మాట్లాడాల్సిన ముందురోజు సాయంత్రం తోడికోడలు డాబా మీదికి వచ్చి, ఆరిన బట్టలు తీస్తున్న ఆమె చెయ్యి పట్టుకుని బావురుమంది.

"అక్కా, నువ్వు వెళ్తే ఈ ఇంట్లో నేను మునిగిపోతాను. బడి, పిల్లలు, ఈ బట్టలు... నా వల్ల కాదక్కా. పిల్లలు కాస్త ఎదిగేదాకా ఆగు. నీకు దణ్ణం పెడతాను."

"అయ్యో, ఎందుకే ఏడుస్తావ్. ఊరుకో."

"ఏదైనా ఇద్దరం కలిసే చేద్దాం. నీకు చెప్పకుండా నేను ఒక్క అడుగు వెయ్యను. పిల్లల మీద ఒట్టు."

పెద్దకోడలు వెళ్ళలేదు. కుట్టుపనావిడ మొహం చిట్లించుకుని, "మంచితనానికి కూడా ఓ హద్దుండాలమ్మా" అని ఊరుకుంది.

ఈ సంవత్సరం వానలు వెనకబట్టాక బుట్ట తేలికవడం మొదలైంది.

మొదట ఆమెకు అది క్లిప్పుల దగ్గర తెలిసింది. ఆదివారం బట్టలు ఆరేస్తే ఆమె దగ్గరున్న క్లిప్పులన్నీ అయిపోయి, చివరి రెండు తువ్వాళ్ళూ గోడ మీద పరవాల్సి వచ్చేది. ఆ ఆదివారం గుప్పెడు క్లిప్పులు మిగిలాయి. మరుసటివారం రెండు గుప్పెళ్ళు. నాలుగో దండెం సగం ఖాళీ. మరిది మందపాటి దుప్పట్లు రెండు కనబడలేదు. పిల్లల నీలం స్వెట్టర్లు కనబడలేదు. పాతబడిన తువ్వాళ్ళు ఉన్నాయి గానీ కొత్తవి లేవు.

"పిల్లల స్వెట్టర్లేవే?" అని తోడికోడల్ని అడిగింది.

"పొట్టివైపోయాయక్కా. మా బళ్ళో ఆయాకిచ్చేశాను, వాళ్ళ మనవలకి."

"మంచి పని చేశావ్. ఉన్ని ఇంకా గట్టిగానే ఉంది."

నమ్మడానికి ఆమెకు క్షణం పట్టలేదు. పైగా సంతోషపడింది. కుట్టుపనావిడ దగ్గర కూర్చుని, "పిన్నిగారూ, మా వాళ్ళకు ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది. బట్టలు జాగ్రత్తగా వాడుతున్నారు. నా నడుముకు కాస్త ఊపిరాడుతోంది" అని చెప్పుకుంది. ఆవిడ తల వంచుకుని సూదిలో దారం ఎక్కించడంలో పడిపోయింది. ఎక్కిన దారాన్నే మళ్ళీ తీసి ఎక్కించింది.

పది రోజుల తర్వాత, కూతురి బ్యాగుకు జిప్పు వేయించడానికి పెద్దకోడలు కిందికి వెళ్ళింది. కుట్టుపనావిడ లోపల ఎవరికో కొలతలు తీస్తోంది. బల్ల మీద ఆకుపచ్చ చారల పరదాలు మడతపెట్టి ఉన్నాయి. బట్ట బాగుందని చేత్తో తడిమి చూసింది. ఉతికితే రంగు దిగేరకం కాదు. పైన గుచ్చిన చీటీ మీద "మేడ మీది చిన్నకోడలు - ఏడు" అని రాసి ఉంది.

వాళ్ళ ఇంటికి ఉన్నవి నాలుగు కిటికీలు.

ఆవిడ బయటికి వచ్చి, చీటీ మీద ఆమె వేలు చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇవి ఎవరికి పిన్నిగారూ?"

"నీకు... చెప్పలేదా అమ్మా?"

"ఏమిటి చెప్పడం?"

ఆవిడ స్టూలు లాగి కూర్చుంది. "పోయిన నెలలో కొలతలు ఇచ్చి వెళ్ళింది. నాలుగో వీధిలో, మందులషాపు పైన, ఇల్లు తీసుకున్నారట. నీకు తెలుసనే అనుకున్నాను తల్లీ. నువ్వొచ్చి బుట్ట తేలికైందని సంబరపడ్డప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. నా నోటితో నేనెలా చెప్పను? చెప్తే తగువు పెట్టినట్టు, చెప్పకపోతే ఇదిగో ఇలా."

పెద్దకోడలు బ్యాగు అక్కడే వదిలేసి బయటికి నడిచింది. ఇంటికి వెళ్ళాలనుకుంది గానీ కాళ్ళు నాలుగో వీధికి తీసుకుపోయాయి. మధ్యాహ్నపు ఎండ. మందులషాపు ముందు ఒకడు ఖాళీ అట్టపెట్టెలు చదును చేసి కట్ట కడుతున్నాడు. పైన రెండంతస్తులు. రెండో అంతస్తు బాల్కనీలో కొత్త తీగ, నీలం తీగ, బిగించి కట్టి ఉంది. దాని మీద రెండు చిన్న నీలం స్వెట్టర్లు.

స్వెట్టర్లు తలకిందులుగా ఉన్నాయి. భుజాలు సాగకుండా, కింది అంచు పైకి పెట్టి, కుట్టు దగ్గర క్లిప్పు వేసి ఆరేయాలి. అలా ఆరేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. తోడికోడలికి అది నేర్పినదానికి ఆ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది?

అట్టపెట్టెల మనిషి "ఎవరి కోసమమ్మా?" అన్నాడు. "ఎవరూ లేరు బాబూ" అని ఆమె వెనక్కి తిరిగింది.

ఆ మధ్యాహ్నం కూడా ఆమె బట్టలు ఉతికింది. చేతులు ఆగితే ఏం చేస్తాయో అని భయమేసి ఉతికింది. మరిది చొక్కా అంచున పసుపుపచ్చ రంగు చుక్క కనబడింది. కొట్లో అంటిందో, కొత్తింటి గోడలకు వేస్తుంటే అంటిందో. దాన్ని వదలగొట్టాలా వద్దా అని చాలాసేపు చూసి, చివరికి వదలగొట్టింది.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నారు. కవలలు కంచాల మీద చెంచాలతో దరువేస్తున్నారు. పెద్దకోడలు నీళ్ళ గ్లాసులు పెడుతూ, మామూలుగా అడిగినట్టే అడిగింది: "కొత్తింట్లో నీళ్ళు బాగా వస్తున్నాయా?"

దరువు ఆగింది. మరిది ముద్ద నోటి దగ్గరే పట్టుకుని భార్య వైపు చూశాడు. భార్య బావగారి వైపు చూసింది. పెద్దకోడలు ఆ చూపు వెంటే వెళ్ళి తన భర్త మొహం దగ్గర ఆగింది.

"మీకూ తెలుసా?"

"మొన్ననే చెప్పాడే. మొన్నంటే... పోయిన నెల. నువ్వు బాధపడతావని, సమయం చూసి..."

"అత్తయ్యా?"

అత్తగారు కంచంలోకి చూస్తూ అన్నారు: "ఎప్పటికైనా ఎవరి గూడు వాళ్ళు చూసుకోవాల్సిందే అమ్మాయ్. దీనికింత రాద్ధాంతం దేనికి?"

పెద్దకోడలు ఇక కూతుర్ని అడగలేదు. అడగకుండానే ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కాలేజీకి వెళ్తూ రెండుసార్లు సంచులు అందించానమ్మా. పిన్ని చెప్పొద్దంది."

చాప కింద నీరులా ఇంటి నిండా పారిన సంగతి, ఇంటి మధ్యలో నిలబడ్డ ఆమె పాదాలకు మాత్రం తగల్లేదు.

"ఎందుకు దాచారు?" అంది. గొంతు పెంచలేదు. "నేనేం చేస్తానని? కాళ్ళకు అడ్డం పడతానా?"

పలికింది కవలల్లో ఒకడు. అందరూ ఊరుకుంటే ఏదో ఒకటి చెప్పడం మంచిదనుకున్నాడేమో పాపం.

"ముందే చెప్తే పెద్దమ్మ మన బట్టలు ఉతకదని అమ్మ అంది. మన మెషిన్ ఇంకా రాలేదుగా."

"నోర్ముయ్యరా!" అని మరిది అరిచాడు. వాడు బిక్కమొహం వేశాడు.

పెద్దకోడలికి చెంప మీద కొట్టినట్టయింది. విడిపోవడం పెద్ద నేరమేం కాదు, ఏ ఇంట్లోనైనా జరిగేదే. కానీ ఇన్నాళ్ళూ చెల్లెలనుకున్న మనిషి, పడవలో ఉన్నంతసేపూ తెడ్డేసే మనిషితో తీపిగా మాట్లాడినట్టు మాట్లాడింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి ఆమె విన్నది. ఏటి మధ్యలో ఉండగానే లెక్కవేసుకున్నవాళ్ళను ఇదే మొదటిసారి చూడడం.

భోజనాలు సగంలోనే లేచిపోయాయి. తోడికోడలు వరండాలోకి వచ్చింది. ఏడుస్తుందనుకుంది పెద్దకోడలు. ఏడవలేదు.

"వాడు అన్నది నిజమే అక్కా. ఆ మాట నేనన్నాను. తప్పే."

"నీ కోసం ఉద్యోగం వదులుకున్నానే నేను."

"తెలుసు. రోజూ తెలుస్తూనే ఉంది, అదే నా బాధ." తోడికోడలు మెషిన్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. "పదేళ్ళు నీ చేతి కిందే బతికాను. నా పిల్లల చొక్కా ఎప్పుడు మారాలో నువ్వే చెప్పావు. నేను ఏడిస్తే నా దిండు నీకు చెప్పేది. నాకూ ఆయనకూ మాటల్లేకపోతే దుప్పట్లు చూసి కనిపెట్టేదానివి. ప్రేమతోనేలే. కానీ అక్కా, నాకంటూ నీకు తెలియని సంగతి ఒక్కటైనా ఉండాలనిపించింది."

ఆ మాట పెద్దకోడలికి లోపల ఎక్కడో గుచ్చుకుంది. అందులో నిజముందని తెలిసే గుచ్చుకుంది.

"ఆ మాట నా మొహాన అనుంటే పోయేదిగా," అంది. "ఆ రోజు డాబా మీద ఏడ్చే బదులు, 'నువ్వు వెళ్ళు అక్కా, నా గుడ్డలు నేనే చూసుకుంటాను' అనుంటే నీకూ విడుదల, నాకూ విడుదల. నా చాకిరీ కావాలి, నా కళ్ళు మాత్రం వద్దు. అంతేగా?"

తోడికోడలు మెషిన్ మీది చెయ్యి తీసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారాక పెద్దకోడలు బుట్ట బోర్లించింది. ఎవరి బట్టలు వాళ్ళవిగా కుప్పలు పోసి, ఎవరి కుప్ప వాళ్ళ మంచం మీద పెట్టింది. అత్తగారి కుప్ప మాత్రం ఉతికింది. ఆ చేతులకు కీళ్ళనొప్పులు.

భర్త గ్రీజు చొక్కాలు చూసి, "ఇదేంటే? అలిగావా?" అన్నాడు.

"అలిగితే అన్నం మానేద్దును. కడుపు నిండా తిన్నాను. ఎవరివి వాళ్ళు ఉతుక్కుంటే అవే తెల్లబడతాయి."

"నేను నీ మంచి కోరే చెప్పలేదే."

"ఏవండీ, మీరు నా పక్కన కూర్చుని నెలరోజులు భోంచేశారు. ఏదో ఒక పూటైనా చెప్పి ఉండచ్చు. నా మంచి కోరినవాళ్ళు ఎక్కువైపోయారు ఈ ఇంట్లో, నాకు చోటు చాలట్లేదు."

తల దువ్వుకుని నేరుగా పెద్దాస్పత్రికి వెళ్ళింది. ఆ ఉద్యోగం ఇంకా ఆమె కోసం కూర్చుని ఉంటుందా? ఎవరో చేరి మూడేళ్ళయింది. స్టోరు చూసే పెద్దమనిషి కళ్ళద్దాలు పైకి తోసి, "మడతల గదిలో ఒకరు మానేశారు. రోజంతా నిలబడాలి. చేయగలరా?" అన్నాడు.

"పందొమ్మిదేళ్ళుగా నిలబడే ఉన్నానండీ" అంది.

మడతల గది నేలమాళిగలో ఉంది. వేడి, ఆవిరి, మెషిన్ల హోరు. ఒక్కో మెషిన్‌లో మనిషి పట్టేంత చోటు. దుప్పట్లు తోపుడు బళ్ళలో గుట్టలుగా వచ్చిపడతాయి. దుప్పటి మడతకు ఇద్దరు కావాలి. ఆమెకు జోడీగా దొరికిన మనిషి ముప్పై ఏళ్ళుగా ఆ హోరులో పనిచేసి చెవులు సగం పోగొట్టుకున్న ముసలావిడ. చెరో అంచూ పట్టుకుని దులిపి, దగ్గరికొచ్చి, అంచులు కలిపి, మళ్ళీ వెనక్కి. మాటల్లేవు. ఆ దుప్పట్ల మీద ఎవరు పడుకున్నారో, ఎందుకు ఏడ్చారో ఆమెకు తెలియదు. మొదటి రోజుల్లో అది వెలితిగా ఉండేది. తర్వాత తర్వాత, దానంత తేలిక ఇంకేదీ లేదనిపించింది.

మరో రెండు వారాలకు మరిది కుటుంబం సామాను సర్దుకుంది. ఆమె ఆ రోజు పనికి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చేసరికి ఒక గది ఖాళీ. గోడ మీద మేకులు, మంచం కాళ్ళ గుర్తులు. అత్తగారు ఆ గదిలో ఊరికే నిలబడి ఉన్నారు. కోడల్ని చూసి, "నీ దగ్గర దాచాను అమ్మాయ్. పెద్దదాన్ని, దాచకూడదు" అన్నారు. ఆ ఇంట్లో ఎవరూ నిలదీయకుండా తప్పు ఒప్పుకున్నది ఆవిడ ఒక్కరే. ఆ మాటకు పెద్దకోడలికి అన్నాళ్ళూ రాని ఏడుపు వచ్చింది.

భర్త గ్రీజు చొక్కాను తెల్లబట్టలతో కలిపి తిప్పి మూడు చొక్కాలు పాడుచేసుకున్నాడు. నాలుగోసారికి నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆదివారం ఆయనే డాబా మీద బట్టలు ఆరేస్తాడు, వంకరటింకరగా. ఆమె చూసి కూడా సరిచేయదు. కూతురు వచ్చి ఒళ్ళో తలపెట్టి ఏడిస్తే జుట్టు నిమిరింది. కన్నకూతురు, ఎన్నాళ్ళని దూరం పెడుతుంది? కానీ ఆ పిల్ల ఇప్పుడు ఏదైనా చెబితే, ఇదివరకు లాగా ఆ మాట తిన్నగా లోపలికి వెళ్ళదు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి వెళుతుంది. ఆ క్షణం కూతురికీ కనబడుతుంది. ఇద్దరూ కనబడనట్టే ఉంటారు.

తోడికోడలు ఒకటి రెండుసార్లు కబురు పెట్టింది, ఒకసారి రమ్మని. ఆమె వెళ్ళలేదు, రానని కూడా చెప్పలేదు.

చలి మొదలైన రోజుల్లో, పని దిగి వస్తుంటే బడి దగ్గర కవలలు ఎదురయ్యారు. "పెద్దమ్మా!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చి నడుముకు చుట్టుకున్నారు. వాళ్ళ కాలర్ల లోపల నల్లగా చారలు పేరుకున్నాయి. సబ్బు రుద్ది పావుగంట ఉంచితే చాలు, పోతాయి. ఆమె వేలు కాలర్ దాకా వెళ్ళింది. మడిచిన కాలర్‌ను సరిగ్గా దించి, వీపు మీద తట్టి వదిలేసింది.

బడి గేటు దగ్గర తోడికోడలు నిలబడి చూస్తోంది. చేతిలో పుస్తకాల సంచి. కాస్త చిక్కింది.

"బాగున్నావా అక్కా?"

"బాగున్నాను. నువ్వు?"

"ఆఁ, బాగానే ఉన్నాం."

ఇంకేదో అంటుందని ఒక నిమిషం చూసింది పెద్దకోడలు. అవతలి మనిషీ అలాగే చూసింది. పిల్లలు అమ్మ చెయ్యి లాగుతున్నారు. "సరే, జాగ్రత్త" అని చెప్పి ఆమె తన దారిన నడిచింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ వాళ్ళు కనబడ్డారని చెప్పలేదు.